ఒక ల్యాబులో పెరిగిన ఆయుష్షు ఇంకో ల్యాబులో ఎందుకు పెరగదు: పురుగులు, చేతిపని, స్కానర్లు

(పరిశోధక విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఒక ల్యాబులో ఒక రసాయనం ఇస్తే పురుగులు పదిహేను శాతం ఎక్కువ బతికాయి. అదే రసాయనం, అదే మోతాదు, అదే జాతి పురుగు. ఇంకో ల్యాబులో ఏ తేడా రాలేదు. ఇద్దరిలో ఎవరిది తప్పు? మామూలుగా మనం ఏమనుకుంటాం? ఎవరో ఒకరు సరిగ్గా చేయలేదని అనుకుంటాం. నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, చాలాసార్లు ఇద్దరూ సరిగ్గానే చేసి ఉంటారు. ఇద్దరూ చేసింది ఒకే ప్రయోగం కాదు, అంతే. కాగితం మీద ఒకటే, బల్ల మీద రెండు. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడెక్కడ దూరుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో, యంత్రం పెడితే అందులో ఎంత పోతుందో, యంత్రం తనవంతుగా కొత్తగా ఏం తెచ్చిపెడుతుందో, ఈ పూట మాట్లాడుకుందాం.

పురుగు గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు. పారదర్శకంగా ఉంటుంది, బ్యాక్టీరియా తింటుంది, ఎక్కువ భాగం ఉభయలింగులు. అంటే తనకు తానే పిల్లల్ని కంటుంది, ఒక్కోటి దాదాపు మూడు వందలు. 20 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి గుడ్డు పెట్టే దశకు మూడు మూడున్నర రోజులు, మొత్తం బతుకు రెండు మూడు వారాలు. ఫ్రీజర్లో దాచిపెట్టి ఏళ్ల తర్వాత కరిగించినా లేస్తుంది. సిడ్నీ బ్రెన్నర్ 1974లో దీని జన్యుశాస్త్రం మీద పేపరు రాశాక అన్ని ల్యాబులకూ పాకింది. ముసలితనం మీద పనికి దీన్ని మించింది దొరకదు. మైకేల్ క్లాస్ 1983లో ఎక్కువ కాలం బతికే మ్యూటెంట్లను (జన్యువు మారిన పురుగుల్ని) పట్టుకున్నాడు, 1988లో ఫ్రీడ్‌మన్, జాన్సన్ అందులో ఏజ్-1 జన్యువును తేల్చారు, 1993లో సింథియా కెన్యన్ బృందం డాఫ్-2 అనే జన్యువులో ఒక్క మార్పుతో ఆయుష్షు రెట్టింపు దాటుతుందని చూపించింది. రెట్టింపు అంటే ఎవరు చేసినా కనిపిస్తుంది. ఎంత అజాగ్రత్తగా చేసినా కనిపిస్తుంది. మన ఇబ్బంది పది శాతం, పదిహేను శాతం దగ్గర మొదలవుతుంది. మందులు ఇచ్చేది ఎక్కువగా ఆ మాత్రమే కదా.

రెండు ఉదాహరణలు చెప్తాను. 2000లో సైన్స్ పత్రికలో ఒక పేపరు వచ్చింది. ఆక్సీకరణ నష్టాన్ని తగ్గించే యూక్-8, యూక్-134 అనే రసాయనాలు ఇస్తే పురుగుల సగటు ఆయుష్షు 44 శాతం పెరిగిందని. 2003లో లండన్‌లో డేవిడ్ జెమ్స్ ల్యాబు యూక్-8తో చేస్తే పెరగలేదు. రెండోది ఇంకా ముఖ్యం. 2001లో సర్-2.1 అనే జన్యువును ఎక్కువ చేస్తే ఆయుష్షు యాభై శాతం దాకా పెరిగిందని వచ్చింది. ఆ జన్యువు చెందిన సర్టూయిన్ల కుటుంబం మీద ప్రపంచమంతా పడింది. 2011లో నేచర్‌లో బర్నెట్, జెమ్స్, ఇంకా ఇతరులు కలిసి చూపించింది ఏమిటి? ఆ స్ట్రెయిన్‌లో, అంటే ఆ పురుగుల వంశంలో, సర్-2.1తో పాటు ఎక్కడో వేరే మ్యూటేషన్ కూడా కూర్చుని ఉంది, నాడీకణాలకు సంబంధించినది. స్ట్రెయిన్‌ను మళ్లీ అడవి రకంతో, అంటే మార్పుల్లేని మామూలు పురుగుతో, జతకట్టించి ఆ మ్యూటేషన్‌ను తీసేస్తే పెరుగుదల పోయింది. అసలు ల్యాబు వాళ్లు కూడా అలా జతకట్టించి చూసి, పెరుగుదల ఉంది కానీ ముందనుకున్నంత లేదని రాశారు. గమనించండి, ఇక్కడ ఎవరూ అంకెలు తప్పుగా లెక్కపెట్టలేదు. పురుగు ఏమిటన్నదే తేడా.

ఇలాంటివి పేరుకుపోయాక అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ డబ్బు పెట్టి 2013లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పేరు సీనోరాబ్డైటిస్ ఇంటర్వెన్షన్స్ టెస్టింగ్ ప్రోగ్రామ్, పొట్టిగా సీఐటీపీ. ఎలుకల మీద అప్పటికే ఇలాంటిది నడుస్తోంది, మూడు చోట్ల ఒకేసారి. ఆ పద్ధతినే పురుగులకి తెచ్చారు. కాలిఫోర్నియాలో బక్ ఇన్‌స్టిట్యూట్‌లో గోర్డన్ లిత్గో, న్యూజెర్సీలో రట్గర్స్‌లో మోనికా డ్రిస్కల్, ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ ఫిలిప్స్. ముగ్గురూ ఏళ్ల తరబడి పురుగులతో పనిచేసినవాళ్లే. అయినా మొదట్లో ముగ్గురి లెక్కలూ కలవలేదు. ఎందుకు? ఒక చిన్న సంగతి చూడండి. పురుగు వయసు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? ఒకచోట గుడ్డు పొదిగిన దగ్గరనుంచి, ఇంకోచోట గుడ్డు పెట్టిన దగ్గరనుంచి. ఇంకా చాలా పేపర్లలో అయితే పెద్దదైన మొదటి రోజునుంచి లెక్కపెడతారు. 20 డిగ్రీల్లో గుడ్డు నుంచి పెద్ద పురుగుకు మూడు రోజులు. పద్దెనిమిది రోజుల బతుకులో మూడు రోజులంటే ఆరోవంతు! రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి "వాళ్లకి పద్దెనిమిది, వీళ్లకి ఇరవై ఒకటి" అంటుంటారు. రెండూ ఒకటే అంకె కావచ్చు.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను, ఎందుకంటే నష్టం జరిగేది ఇక్కడే.

ప్లేటు నుంచి మొదలు

ఎన్‌జీఎం అగార్, అంటే పురుగుల్ని పెంచే జెల్లీలాంటి పదార్థం, అందరూ పోస్తారు. లీటరుకు ఉప్పు 3 గ్రాములు, అగార్ 17 గ్రాములు, పెప్టోన్ 2.5 గ్రాములు, నీళ్లు 975 మి.లీ. ఆటోక్లేవ్ అయి 55 డిగ్రీలకు దిగాక ఇథనాల్‌లో కరిగించిన కొలెస్ట్రాల్, మి.లీ.కు 5 మిల్లీగ్రాములది, 1 మి.లీ. తర్వాత ఒక మోలార్ కాల్షియం క్లోరైడ్ 1 మి.లీ., మెగ్నీషియం సల్ఫేట్ 1 మి.లీ., పీహెచ్ 6 ఉన్న ఫాస్ఫేట్ బఫర్ 25 మి.లీ. ఒక్కోటి వేసి కలిపాకే తర్వాతది వేయాలి, లేకపోతే తెల్లగా విరిగిపోతుంది. ఇదంతా మీకు తెలిసిందే. నేను అడిగేది వేరే. ప్లేటుకు ఎంత పోశారు? "సగం దాకా" అంటారు. సగం అంటే ఎంత?

ఎందుకు అడుగుతున్నానో లెక్క చూడండి. 60 మిల్లీమీటర్ల ప్లేటులో 10 మి.లీ. అగార్ ఉందనుకొని మందు పైన వేస్తున్నారు. 20 మిల్లీమోలార్ స్టాక్, అంటే చిక్కని మూల ద్రావణం, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో. అందులోంచి 25 మైక్రోలీటర్లు కొన్ని నీళ్లలో కలిపి పరిచారు. మందు 50 మైక్రోమోలార్, డీఎంఎస్ఓ 0.25 శాతం. బాగుంది. కానీ ఆ ప్లేటులో ఉన్నది 8 మి.లీ. అయితే? మందు 62.5 అయింది. ఇరవై అయిదు శాతం ఎక్కువ, ఎవరికీ తెలియకుండా. డీఎంఎస్ఓ కూడా పెరిగింది, అది ఎక్కువైతే తానే ఆయుష్షును మారుస్తుంది. కాబట్టి చేత్తో వంపకండి, పంపుతోనో పిపెట్‌తోనో పోయండి. ప్రతి బ్యాచ్‌లో పది ప్లేట్లు తూచి బరువు రాసిపెట్టండి.

ఎండటం ఇంకో సంగతి. ఏప్రిల్‌లో హైదరాబాద్ గాలికి ప్లేటు ఆరే తీరు వేరు, అదే నెలలో విశాఖ గాలికి వేరు. "బల్ల మీద రెండు రోజులు ఆరబెట్టాలి" అని ప్రోటోకాల్‌లో రాస్తే రెండు ఊళ్లలో రెండు రకాల ప్లేట్లు వస్తాయి. రోజులు కాదు, బరువు రాయండి. పది గ్రాముల అగార్ ఎనిమిదిన్నరకు దిగిందంటే ఉప్పు, మందు రెండూ పద్దెనిమిది శాతం చిక్కబడ్డాయని అర్థం. బాగా ఎండితే పురుగులు అంచు ఎక్కి గోడకి అతుక్కుని ఎండిపోతాయి. తడి ఎక్కువైతే బ్యాక్టీరియా పొర చెదిరిపోతుంది, పురుగు అగార్‌లోకి దూరుతుంది. రెండు రకాలుగానూ పురుగుల్ని పోగొట్టుకుంటారు.

బ్యాక్టీరియా. పురుగులకి తిండిగా ఓపీ50 అనే ఈ.కోలై రకం పరుస్తాం. ఎంత చిక్కగా, ఎన్ని గంటలు పెంచి, బతికున్నదా చంపినదా? ఇది చిన్న విషయం అనుకోకండి. బతికున్న బ్యాక్టీరియా మందును తింటుంది, మారుస్తుంది. షుగరు మందు మెట్‌ఫార్మిన్ సంగతి చూడండి. 2013లో సెల్ పత్రికలో వచ్చిన పనిలో తేలింది ఏమిటంటే, పురుగు ఆయుష్షు పెరగడం మెట్‌ఫార్మిన్ బ్యాక్టీరియాలో ఫోలేట్ జీవక్రియను మార్చడం వల్ల. చంపిన బ్యాక్టీరియా పెడితే ఆ మేలు పోయింది. అంటే "మెట్‌ఫార్మిన్ పనిచేస్తుందా" అన్న ప్రశ్నకు జవాబు పురుగు ఒక్కదానిలో లేదు, ప్లేటు మొత్తంలో ఉంది. పెప్టోన్ లాట్ మారితే బ్యాక్టీరియా పెరిగే తీరు మారుతుంది. లాట్ నంబరు నోటుబుక్కులో ఉండాలి. ఏడాదికి సరిపడా ఒకే లాట్ కొనిపెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

తర్వాత పురుగుల్ని ఒకే వయసుకు తేవడం. బ్లీచ్ వేసి గుడ్లు తీయడం తేలిక, తొందరగా అయిపోతుంది. కానీ బ్లీచ్‌లో ఎన్ని నిమిషాలు ఉంచారన్నది చేతిని బట్టి మారుతుంది, పైగా ఆకలితో ఎదుగుదల ఆగిన పిల్లలు వస్తాయి. ఆయుష్షు పనికి గుడ్లు పెట్టించడమే మేలు. ఇరవై పెద్ద పురుగుల్ని ప్లేటు మీద పెట్టండి, రెండు మూడు గంటలు గుడ్లు పెట్టనివ్వండి, తల్లుల్ని తీసేయండి. గుడ్ల మధ్య తేడా మూడు గంటలు దాటదు. ఆ తల్లుల వయసు ఎంత? ఇది చాలామంది రాయరు. 2017లో నేచర్‌లో వచ్చిన పని చూపించింది, తల్లి వయసును బట్టి పిల్లల సైజు, ఎదిగే వేగం మారుతాయని. పెద్దదైన మొదటి రోజు తల్లి పిల్లలు చిన్నగా, నెమ్మదిగా ఉంటాయి. కాబట్టి తల్లుల వయసు కూడా ఒకటే ఉండాలి. తల్లులు, వాటి తల్లులు, కనీసం రెండు మూడు తరాలు ఆకలి చూడకుండా పెరిగి ఉండాలి. శుక్రవారం ప్లేటు మర్చిపోయి సోమవారం చూస్తే తిండి అయిపోయి ఉంటుంది. ఆ ప్లేటునుంచి ప్రయోగం మొదలుపెట్టకూడదు. చూడటానికి పురుగులు బాగానే ఉంటాయి, అక్కడే మోసపోతాం.

పిల్లలు పుట్టకుండా ఎఫ్‌యూడీఆర్ అనే రసాయనం వాడతారు. డీఎన్ఏ తయారీని ఆపుతుంది, గుడ్లు పొదగవు. పెద్ద పురుగు శరీరంలో కణాలు విభజన చెందవు కాబట్టి దానికి పెద్దగా ఏమీ కాదని అనుకుంటాం. సీఐటీపీ వాళ్లు 51 మైక్రోమోలార్ వాడారు, అంటే లీటరుకు పన్నెండున్నర మిల్లీగ్రాములు. కానీ జాగ్రత్త. టబ్-1, గ్యాస్-1 లాంటి మ్యూటెంట్లలో ఎఫ్‌యూడీఆర్ తానే ఆయుష్షును పెంచేస్తుంది. కొత్త స్ట్రెయిన్ పట్టుకున్నప్పుడు ఎఫ్‌యూడీఆర్ లేకుండా ఒక్కసారైనా చేసి చూడాలి. అలా చేసేటప్పుడు గుడ్లు పెట్టినంత కాలం రోజూ కొత్త ప్లేటుకు మార్చాలి, విసుగే, అయినా చేయాలి. ఎఫ్‌యూడీఆర్ వాడితే మోతాదు ఎంతో, ఏ వయసులో మొదలుపెట్టారో రాయాలి. గోనాడ్ (గుడ్లు తయారయ్యే అవయవం) ఇంకా ఎదుగుతున్నప్పుడు ఇస్తే అది వేరే ప్రయోగం.

ఉష్ణోగ్రత సంగతి అందరికీ తెలుసు, 25 డిగ్రీల్లో తొందరగా చస్తాయి, 15లో ఎక్కువ బతుకుతాయి. ఇన్‌క్యుబేటర్ మీద 20 అని ఎర్ర అంకె వెలుగుతుంటుంది. అది చెప్పేది ఎక్కడి వేడి? లోపల ఒక మూల ఉన్న సెన్సర్ దగ్గరి గాలిది. మీకు కావాల్సింది అగార్‌ది. పురుగుల్లేని ఒక ప్లేటు అగార్‌లో ప్రోబ్ గుచ్చి, పై అర, కింది అర, వెనక, తలుపు దగ్గర, ఒక్కోచోట ఒక రోజంతా పెట్టి చూడండి. ఒకే ఇన్‌క్యుబేటర్‌లో తేడా కనిపిస్తుంది. ఇక మైక్రోస్కోపు. మన గదుల్లో 27, 28 డిగ్రీలు మామూలు. కింద దీపం వేడి వేరే. ముప్పై ప్లేట్లు ఒకేసారి బయటికి తీసి గంటన్నర లెక్కపెట్టారంటే చివరి ప్లేటు గంటన్నర ఎండలో కూర్చున్నట్టే. పదేసి తీయండి. ప్రతిసారీ ఒకే వరసలో తీయకండి. ఎప్పుడూ కంట్రోల్ (మందు లేని ప్లేట్లు) ముందు, మందు ప్లేట్లు చివర అయితే, మీరు కొలిచేది మందును కాదు, బల్ల మీద గడిపిన సేపును.

చచ్చిందని ఎవరు చెప్పాలి

ఇప్పుడు అసలు ప్రశ్న. పురుగు ఎప్పుడు చచ్చినట్టు? ప్లాటినం తీగతో ముట్టుకుంటాం, కదలకపోతే చచ్చిందంటాం. ఎక్కడ ముట్టుకున్నారు? ఎంత గట్టిగా? ఎన్నిసార్లు? ముసలి పురుగు ఒళ్లు కదపదు. ముక్కు కొస మాత్రం ఒక్క క్షణం కదిలీ కదలనట్టు కదుపుతుంది, కళ్లు అటు తిప్పితే చూడలేం. ఒకరు తోక దగ్గర ముట్టుకుని చచ్చిందని రాస్తారు. ఇంకొకరు తల దగ్గర మెల్లగా ముట్టుకుని, అయిదు సెకన్లు ఆగి, మళ్లీ ముట్టుకుని, బతికే ఉందంటారు. ఒక్కో పురుగుకి రెండు రోజుల తేడా వస్తుంది. మందు వల్ల వచ్చే పది శాతమూ అంతే కదా! కాబట్టి నియమం మాటల్లో రాయాలి: తల పక్కన, మెల్లగా, రెండుసార్లు, మధ్యలో ఇంతసేపు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకే ప్లేట్లు లెక్కపెట్టి పోల్చుకోవాలి. ఏ ప్లేటులో మందుందో లెక్కపెట్టేవాళ్లకి తెలియకూడదు. లేబుల్ మీద కోడ్ మాత్రమే ఉండాలి, కోడ్ కాగితం ఇంకొకరి దగ్గర ఉండాలి.

అన్ని పురుగులూ ముసలితనంతో పోవు. కొన్నింటిలో గుడ్లు లోపలే పొదిగి పిల్లలు తల్లిని తినేస్తాయి. కొన్నింటికి వల్వా (గుడ్లు బయటికొచ్చే రంధ్రం) దగ్గర పగిలి పేగు బయటికొస్తుంది. కొన్ని గోడెక్కి ఎండిపోతాయి, కొన్ని కనిపించకుండా పోతాయి. వీటిని ఏం చేస్తారు? తీసిపారేస్తే తప్పు. ఆ రోజు దాకా బతికే ఉన్నాయన్న సమాచారం విలువైనది, అందుకని సెన్సార్ చేసి, అంటే అక్కడిదాకా బతికుంది, తర్వాతి సంగతి తెలియదని గుర్తుపెట్టి, ఆ రోజు, కారణం రెండూ రాస్తాం. ఆ కారణాల లెక్క కంట్రోల్‌లో ఎంత, మందులో ఎంత అని తప్పకుండా పోల్చండి. వందలో కంట్రోల్‌లో అయిదు గోడెక్కి, మందు ప్లేట్లలో పాతిక గోడెక్కితే, మందు వాసన పురుగుకి నచ్చడం లేదు. తిండి పొరకి దూరంగా తిరుగుతోంది, తక్కువ తింటోంది. తక్కువ తిన్న పురుగు ఎక్కువ బతుకుతుంది. అప్పుడు మీరు కనిపెట్టింది ఆయుష్షు మందు కాదు, పస్తు.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక సీఐటీపీ వాళ్లకి ఏం కనిపించింది? 2017లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వేశారు. పది రసాయనాలు, మూడు జాతులకు చెందిన ఇరవై రెండు స్ట్రెయిన్లు. ఎలిగాన్స్ ఒక్కటే కాదు, బ్రిగ్సే, ట్రాపికాలిస్ కూడా. పదిలో ఆరు కనీసం ఒక స్ట్రెయిన్‌లోనైనా ఆయుష్షు పెంచాయి. తిండి తగ్గించినట్టు పనిచేస్తాయని పేరున్న మూడూ ఎక్కువగా ఎలిగాన్స్‌లోనే పనిచేశాయి. థయోఫ్లావిన్-టి అనే రంగు మాత్రం దాదాపు అన్నిట్లో గట్టిగా నిలబడింది. కానీ నన్నడిగితే ఆ పేపరులో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం రసాయనాల గురించి కాదు. మూడు ల్యాబుల మధ్య ఫలితాలు బాగా కలిశాయి. అదే ల్యాబులో ఈ నెల చేసిన ట్రయల్‌కీ వచ్చే నెల చేసిన ట్రయల్‌కీ మాత్రం అంతగా కలవలేదు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అంటే ఏమిటి? పక్క ల్యాబును అనుమానించే ముందు మన ల్యాబులోనే పోయిన నెలను అనుమానించాలి. ప్రోటోకాల్ ఒకటి చేస్తే ల్యాబుల తేడా తగ్గుతుంది. పురుగుల గుంపుకీ గుంపుకీ ఉండే తేడా తగ్గదు, దాన్ని కొలవాలి, అంతే. ఎలా కొలుస్తాం? ఒకే ట్రయల్‌లో పురుగుల్ని పెంచి కాదు, ట్రయళ్లను పెంచి.

లెక్కలో చూద్దాం. కంట్రోల్ సగటు 18 రోజులు, స్టాండర్డ్ డీవియేషన్ (సగటుకి అటూ ఇటూ ఉండే చెదురు) 4.5 రోజులు అనుకోండి. పది శాతం తేడా అంటే 1.8 రోజులు. దాన్ని ఎనభై శాతం పవర్‌తో, అంటే అయిదింట నాలుగుసార్లు, పట్టుకోవాలంటే గుంపుకి దాదాపు వంద పురుగులు కావాలి. అయిదు శాతం తేడా పట్టుకోవాలంటే? తేడా సగమైతే పురుగులు నాలుగు రెట్లు, అంటే నాలుగు వందలు. ముప్పై పురుగులతో చేసి "తేడా లేదు" అని రాసిన పేపరు ఏమీ చెప్పనట్టే. కానీ ఈ లెక్క ఒకే గుంపులోపలిది. ఒకే రోజు మొదలుపెట్టిన 450 పురుగుల కన్నా, వేర్వేరు వారాల్లో, వేర్వేరు తల్లులనుంచి, కొత్తగా పోసిన ప్లేట్ల మీద మొదలుపెట్టిన 150 పురుగుల మూడు ట్రయళ్లు ఎక్కువ నిజం చెప్తాయి. విశ్లేషణలో ట్రయల్‌నీ ప్లేటునీ ర్యాండమ్ ఎఫెక్టులుగా, అంటే వాటివల్ల వచ్చే తేడా కూడా లెక్కలోకి వచ్చేలా, పెట్టండి. మూడు ట్రయళ్లనూ ఒకే కుప్ప పోసి లాగ్-ర్యాంక్ (రెండు గుంపుల బతుకును పోల్చే పరీక్ష) చేస్తే పీ విలువ, అంటే తేడా యాదృచ్ఛికమా అని చెప్పే అంకె, అందంగా వస్తుంది, నమ్మదగింది మాత్రం కాదు.

స్కానర్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఇన్ని పురుగుల్ని చేత్తో లెక్కపెట్టడం ఎవరివల్ల అవుతుంది? అక్కడే యంత్రం అవసరమైంది. 2013లో హార్వర్డ్‌లో వాల్టర్ ఫాంటానా ల్యాబునుంచి నికొలస్ స్ట్రౌస్ట్రప్, ఇంకా ఇతరులు నేచర్ మెథడ్స్‌లో లైఫ్‌స్పాన్ మెషీన్ అని ఒకటి వేశారు. అందులో ఉన్నది ఏమిటి? ఫోటోలు స్కాన్ చేసే మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్. దాన్ని విప్పి, అగార్ ఉపరితలం మీద ఫోకస్ పడేలా మార్చి, గాజు మీద మూతలు తీసిన ప్లేట్లు పెట్టారు. ఒక్కో స్కానర్‌కి చిన్న ప్లేట్లు పదహారు. 3200 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంటే ఒక్కో పిక్సెల్ దాదాపు ఎనిమిది మైక్రాన్లు, మిల్లీమీటరు పురుగు 125 పిక్సెళ్లు. ప్లేటుకి 35 పురుగులు వేసుకున్నా స్కానర్‌కి 560. రాత్రీ పగలూ, ఆదివారం కూడా, మళ్లీ మళ్లీ తీస్తూనే ఉంటుంది. తర్వాత సాఫ్ట్‌వేరు ఒక్కో పురుగు చివరిసారి ఎప్పుడు కదిలిందో వెనక్కి వెళ్లి చూసి ఆ సమయం రాస్తుంది. ముట్టుకోదు, బయటికి తీయదు, ఏ ప్లేటులో ఏముందో దానికి తెలియదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేసిన వార్మ్‌బాట్, పెన్సిల్వేనియాలో చేసిన వార్మోటెల్ ఇంకో రెండు దారులు. వార్మోటెల్‌లో పురుగుకొక గది, అందుకని ఎవరు ఎవరో కలిసిపోరు. వాటి గురించి ఇప్పుడు చెప్పను, సమయం చాలదు.

మరి యంత్రం పెట్టగానే సమస్య తీరిందా? తీరలేదు. సీఐటీపీ వాళ్లే 2019లో ఆ ఇరవై రెండు స్ట్రెయిన్లనూ, అంతకుముందు ఆయుష్షు పెంచిన అయిదు రసాయనాలనూ స్కానర్ల మీద చేశారు. మొత్తం మీద చేతి లెక్కతో కలిసింది. కానీ కొన్ని రసాయనాల దగ్గర పూర్తిగా విరుద్ధంగా వచ్చింది! వెతికితే ఏం తేలింది? వెలుతురు. స్కానర్ దీపం రోజంతా ప్లేటు మీదుగా వెళ్తూనే ఉంటుంది, చీకటి ఇన్‌క్యుబేటర్‌లో కూర్చున్న ప్లేటు మీద ఆ వెలుతురు పడదు. వెలుతురుకి మారిపోయే రసాయనం అయితే మీరు పెట్టిన మందు వేరు, పురుగు తిన్నది వేరు. కాబట్టి రంగున్న రసాయనమైనా, వెలుతురు తగలకుండా దాచమని సీసా మీద రాసి ఉన్నా, ముందు ఈ పరీక్ష చేయండి. మందు ప్లేట్లు కొన్ని పురుగుల్లేకుండా రెండు రోజులు స్కానర్ మీద తిప్పండి. అదే మందు ప్లేట్లు కొన్ని చీకట్లో ఉంచండి. తర్వాత రెండింటి మీదా పురుగులు వేసి చీకట్లోనే చేత్తో లెక్కపెట్టండి. తేడా వస్తే ఆ రసాయనానికి స్కానర్ పనికిరాదు.

వేడి రెండోది. స్కానర్ ఎలక్ట్రానిక్స్ వేడెక్కుతాయి. గదిని 20లో పెడితే గాజు మీద అగార్ 20లో ఉండదు, పైనే ఉంటుంది. గాలిని కాదు అగార్‌ను 20కి తేవాలి, అందుకు గదిని ఇంకా కిందికి దించాలి, ఫ్యాన్లు పెట్టాలి. ఎంత దించాలన్నది మీ స్కానర్, మీ గది చెప్తాయి, పేపరులో అంకె కాదు. పదహారు స్థానాల్లోనూ ప్రోబ్ పెట్టి కొలవండి, స్కానర్ నడుస్తుండగా. తేడా తప్పకుండా ఉంటుంది. అందుకే కంట్రోల్ అంతా ఒక స్కానర్‌లో, మందంతా ఇంకో స్కానర్‌లో ఎప్పుడూ పెట్టకండి. ప్రతి స్కానర్‌లో కంట్రోల్ ఉండాలి, స్థానాలు చీటీలు తీసినట్టు పంచాలి.

మూడోది తేమ. మూత లేని ప్లేటు వారాల తరబడి ఉండాలి. రంధ్రాలున్న రబ్బరు మ్యాట్‌లో ప్లేట్లు బిగుతుగా కూర్చుంటేనే తడి నిలుస్తుంది. ఒక్కటి వదులైనా అగార్ మధ్యలో కుంగి ఫోకస్ తప్పుతుంది, పురుగులన్నీ ఒకేసారి చచ్చినట్టు గ్రాఫ్ నిట్టనిలువుగా పడుతుంది. అలాంటి గ్రాఫ్ కనిపిస్తే జీవశాస్త్రం వెతక్కండి, ప్లేటు ఫోటో చూడండి. తడి మరీ ఎక్కువైతే గాజు మీద ఆవిరి పట్టి బొమ్మ మసకబారుతుంది.

నాలుగోది, యంత్రం మోసపోయే తీరులు. కదలకుండా పడి ఉన్న ముసలి పురుగును చచ్చిందనుకుంటుంది. చచ్చిన పురుగును పక్కది తగిలి జరిపితే బతికుందనుకుంటుంది. ప్లేటు అంచు మెరుపులో దాక్కున్న పురుగును చూడదు. ఎఫ్‌యూడీఆర్ సరిగ్గా పనిచేయక పిల్లలు పుడితే లెక్కంతా కలగాపులగం అవుతుంది. అందుకే ప్రతి చావు దగ్గరి బొమ్మల వరసను మనిషి చూడాలి. మొత్తం కాకపోయినా మొదటి ట్రయల్‌లో అన్నీ, తర్వాత పదోవంతు. చూసేవాళ్లకి కోడ్ తెలియకూడదు, ఇక్కడ కూడా.

ఒక సున్నితమైన విషయం. చేత్తో ముట్టుకుంటే కదిలే పురుగు, ముట్టుకోకపోతే కదలకుండా చాలాసేపు పడి ఉండొచ్చు. చేతి లెక్క అడిగేది "కదలగలదా" అని, యంత్రం అడిగేది "కదిలిందా" అని. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు. కండరాలు బలహీనపడిన మ్యూటెంట్‌లో రెండు జవాబులు చాలా దూరంగా ఉంటాయి. కాబట్టి పేపరులో ఏ నిర్వచనంతో కొలిచారో రాయకుండా రెండు రకాల అంకెల్నీ ఒకే పట్టికలో పెట్టకూడదు.

యంత్రం ఇచ్చిన ఒక గొప్ప మేలు కూడా చెప్పాలి. అంత వివరంగా, అన్ని వేల పురుగుల చావులు నమోదయ్యాక గ్రాఫు ఆకారం కనిపించింది. 2016లో స్ట్రౌస్ట్రప్ బృందం నేచర్‌లో చూపించింది, ఉష్ణోగ్రత మార్చినా, తిండి మార్చినా, చాలా జన్యువుల్ని మార్చినా గ్రాఫు మొత్తం కాలం దిశలో ఒకే నిష్పత్తిలో సాగుతుంది, లేదా కుంచించుకుపోతుంది. అంటే ముందు చచ్చేవీ చివర చచ్చేవీ అన్నీ ఒకే రెట్టు మారతాయి. మనకి దీనివల్ల ఉపయోగం ఏమిటి? సగటు ఒక్కటే కాకుండా సాగిన రెట్టును చెప్పొచ్చు. ఆ రెట్టుతో గ్రాఫును వెనక్కి కుదించినా కంట్రోల్‌తో కలవకపోతే, అక్కడ నిజంగా కొత్త సంగతైనా ఉండాలి, ప్లేట్లలో తప్పైనా జరిగి ఉండాలి. రెండూ వెతకదగ్గవే.

ఇందాక ఒకరు అడిగారు, స్కానర్లకి డబ్బు లేని ల్యాబు ఏం చేయాలని. మొదటి మూడు నెలలు ఏ మందూ పెట్టకండి. ఎన్2 అనే అడవి రకం, డీఎంఎస్ఓ పెట్టిన ఎన్2, పక్కన డాఫ్-2 మ్యూటెంట్. ఈ మూడే, వారాలు వేరుగా మూడు నాలుగు ట్రయళ్లు. డాఫ్-2 ప్రతిసారీ చాలా ఎక్కువ బతకాలి, ఒక్కసారి బతకకపోయినా ఎక్కడో ప్లేట్లు తారుమారయ్యాయి. ఎన్2 సగటు ట్రయల్‌కీ ట్రయల్‌కీ ఎంత ఊగుతోందో చూడండి. అదే మీ ల్యాబుకి అడుగు హద్దు. ఆ ఊపు రెండు రోజులుంటే, ఒక్క ట్రయల్‌లో వచ్చిన రెండు రోజుల తేడాను మందు ఖాతాలో వేయకండి. ఎన్2 కూడా ఎక్కడిదో చూసుకోండి. ల్యాబుల్లో ఏళ్ల తరబడి తరం మీద తరం పెంచిన ఎన్2 వరసల మధ్య ఆయుష్షు తేడా ఉందని 2000లోనే జెమ్స్, రిడిల్ చూపించారు. మిన్నెసోటాలోని స్టాక్ సెంటర్‌నుంచి తెప్పించుకున్నాక వీలైనంత తొందరగా, ఆకలితో ఉన్న చిన్న పిల్లల్ని గ్లిసరాల్‌లో కలిపి, యాభై అరవై గొట్టాలు ఒకేరోజు మైనస్ 80లో పెట్టేయండి. కొన్ని నెలలకోసారి పెంచుతున్నవాటిని పారేసి కొత్త గొట్టం కరిగించండి, కరిగించాక మూడు తరాలు దాటాకే ప్రయోగం మొదలుపెట్టండి. గొట్టం మీద ఫ్రీజ్ చేసిన తేదీ రాయండి, ఆ తేదీనే ప్రతి డేటా ఫైల్లో స్ట్రెయిన్ పేరు పక్కన పెట్టండి.